మడమ తొక్కిన బూట్లు

పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఇంట్లో నావి అనదగ్గవి ఓ కెటిల్, జత కప్పులు, నేనే కుట్టుకున్న పసుపు కర్టెన్. పొద్దున్నే ఎండ ఆ కర్టెన్‌లోంచి వచ్చి మా ఆయన గరికాయి చెవి మీద పడుతుంది. ఆ చెవిని చూస్తూ టీ తాగడం నాకెంత ఇష్టమో అతనికి చెప్పలేదు. చెబితే "సరే" అంటాడు. అన్నిటికీ అదే అంటాడు.

కొన్నేళ్ల కిందట, నేనింకా ఇక్కడికి రాకముందు, పెద్ద తుపాను నాడు చిమానిమని కొండల మీంచి బండలు దొర్లుకుంటూ ఈ పేటలోకి వచ్చాయి. ఒకటి గరికాయి వాళ్ల వంటింటి మీద ఆగింది. లోపల అత్తగారున్నారు. గరికాయి అప్పుడు ముతారే పట్నంలో చదువుకుంటున్నాడు. ఆమె దొరకలేదు. శవం లేదు గనక సాగనంపడమూ లేదు. బండ మాత్రం అక్కడే ఉంది, ఇంటంత.

ఇన్నేళ్లకు పేటవాళ్లంతా కూడి ఆ బండలకు బొమ్మలు వేద్దామనుకున్నారు. పోయినవాళ్లను తలుచుకుంటే ఏది గుర్తొస్తుందో ఇంటివాళ్లు చెప్పాలి. పక్క బండ మీద అప్పుడే కుట్టుమిషన్ వెలిసింది. చెప్పేవాళ్లెవరూ మిగలని బండలకు ఉత్త నీలం. మా బండ సంగతి అడిగితే గరికాయి నీలమే వెయ్యమన్నాడు. చెప్పేవాడు ఉండి కూడా. నేను చూడనైనా చూడని అత్తగారు ఆ నీలం కింద ఎవరికీ ఏమీ కాకుండా పోతారని నాకు గుబులు పట్టుకుంది.

శనివారం అందరూ రంగులు కలుపుతుంటే అతని మేనత్త ఎస్నాత్ నన్ను పక్కకు లాగింది. మేనత్తను మేం తేతే అంటాం.

"ఏమే కోడలా, అప్పుడు శవమూ లేదు, కోడలూ లేదు. ఇప్పుడు కోడలైనా ఉందిగా. ఆవిడలా ఆడి చూపించు."

మాలో చావింట కోడళ్లు పోయినావిడ బట్టలు కట్టుకుని, ఆమెలా నడిచి, ఆమెలా తిట్టి, ఏడ్చేవాళ్లను నవ్విస్తారు. నేనావిడను చూడలేదు కదా అన్నాను.

"చూసినవాడు అక్కడ కూర్చున్నాడు. నువ్వు తప్పుగానే నడువు."

గౌను మీద చుట్టుకున్న తన నడుం గుడ్డ విప్పి నాకు చుట్టింది. నేను నడుం వంచి, పార భుజాన వేసుకుని, దగ్గుకుంటూ బండ చుట్టూ తిరిగాను. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. కొత్త పెళ్లికూతురి నడుం అప్పుడే వంగిపోయిందేమిటని ఎవరో అంటే నాకూ నవ్వాగలేదు.

గరికాయి డబ్బాలో కర్ర తిప్పుతూనే ఉన్నాడు. తలెత్తలేదు.

"అమ్మ అలా నడవదు."

"మరెలా?"

కర్ర ఆగింది. లేచాడు. నాన్న పాత కాన్వాసు బూట్లు మడమలు తొక్కి వేసుకుంటుంది, ఈడుస్తూ నడుస్తుంది అన్నాడు. తన బూట్ల మడమలు తొక్కాడు. మోచేతులు బయటికి పెట్టి, లేని కోళ్లను అదిలిస్తూ, చప్ చప్‌మని బండ చుట్టూ తిరిగొచ్చాడు. ఎవరూ నవ్వలేదు. తేతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతని ముఖంలో మాత్రం ఏమీ లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషి ముఖంలా ఉంది. వచ్చి మళ్లీ కర్ర అందుకున్నాడు.

సాయంత్రానికి బండ మీద మడమలు నలిగిన బూట్లు వెలిశాయి. అందరూ వెళ్లిపోయాక గరికాయి వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దవి వేశారు. అమ్మ పాదం ఇంతే."

నేల మీద రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. ఆ చేతులు ఎలా తియ్యాలో తెలియనట్టు అలాగే ఉంచేశాడు. నేను చెప్పు విడిచి ఆ చేతుల మధ్య నా పాదం పెట్టాను.



"నీది కాస్త పెద్దది," అన్నాడు.