బతికిన బిడ్డ స్వెట్టరు

నేను ఒక స్వెట్టరును. పసుపుపచ్చ ఊలుతో అల్లిన దాన్ని. మూడు గుండీలు, మూరెడు కూడా లేని పొడవు. పెద్దవాళ్ళ స్వెట్టర్లు ఏళ్ళ తరబడి ఒకే ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయట. నాకు ఆ యోగం లేదు. నన్ను తొడుక్కున్నవాళ్ళకు నేను ఒక్క చలికాలం చుట్టాన్ని.

ఆదిలాబాదులో మార్గశిరం వస్తే పట్టపగలు కూడా నీడన నిలబడలేరు. అలాంటి చలిలో నర్సుబాయికి ఏడో నెలలోనే కాన్పయింది. బిడ్డ అరచేతిలో ఇమిడేంత ఉంది. చూడవచ్చినవాళ్ళు గుమ్మం దిగకముందే పెదవి విరిచారు. నర్సుబాయి మాత్రం గోడకు చేరగిలబడి, పక్కింటి టీచరమ్మ దగ్గర నేర్చుకున్న పనితో నన్ను అల్లటం మొదలుపెట్టింది. భయం ఎక్కువైనప్పుడు అల్లిక బిగుసుకునేది. బిడ్డ పాలు తాగిన రోజున వదులయ్యేది. ఇప్పటికీ నా వీపు తడిమితే ఆ చలికాలం ఎలా గడిచిందో తెలుస్తుంది.

ఆ బిడ్డే హేమలత. బతికి బట్టకట్టింది. కట్టిన బట్టను నేనే.

దాంతో వాడలో నాకు పేరొచ్చింది. పుట్టిన బిడ్డకు మొదట కొత్తబట్ట తొడగరు కదా. బతికి నిలిచిన బిడ్డ పాతబట్ట తొడిగితే ఆ ఆయుష్షు దీనికీ అంటుకుంటుందంటారు. "నర్సుబాయీ, నీ బిడ్డ అంగీ ఒక్కసారియ్యవే" అంటూ వచ్చేవాళ్ళు. జమీలా కొడుకు నాలో ఉండగానే బోర్లాపడ్డాడు. ఎదురింటి కవలలు నన్ను వంతులవారీగా తొడుక్కున్నారు. చేతులు పట్టని రోజున నన్ను ఉతికి తిరిగిచ్చేవారు. ఒక్క బిడ్డయినా వెనక్కి తిరిగి చూడలేదే అని నాకు మనసులో ఉండేది. పాపం, వాళ్ళకు మెడ నిలిచిందే నిన్నగాక మొన్న!

ఇంతమంది ఒంటి మీద నలిగి నేను పాతబడ్డాను. నూగు లేచి ఒళ్ళంతా ఆవగింజలంత ఉండలు కట్టింది. చేతుల అంచులు సాగాయి. మోచేయి దగ్గర చిల్లు పడింది. తర్వాత ట్రంకుపెట్టెలో, వేపాకు మధ్య నిద్రపోయాను.

నిద్రలేచేసరికి హేమలతకే కూతురు. అదీ నెలలు నిండకుండానే. చాలా రోజులు ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంచి, శుక్రవారం ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ రోజే కరీంనగర్ నుంచి వియ్యపురాలు రత్నమాల వస్తోంది. నర్సుబాయి నన్ను ఒళ్ళో పెట్టుకుని మథనపడింది. మనవరాలికి నన్ను తొడగకపోతే ఆమెకు గుండె నిలవదు. కానీ మేడలో ఉండేవాళ్ళు, మా ఇంటి బిడ్డకు ఈ పాత పీలికా అంటే?

"కొత్తది కొందాం తియ్యే అమ్మా," అంది హేమలత.

"నువ్వు ఊకో. దీన్నే కొత్తగ చేస్త."

చేసింది. గోరువెచ్చని కుంకుడు నురుగులో, పిండకుండా, అదిమి అదిమి కడిగింది. తువ్వాలులో చుట్టి తడి లాగేసింది. తీగ మీద వేస్తే సాగుతానని నీడలో మంచం మీద పరిచి, చేతులు రెండూ సర్ది, పసిదాన్ని పడుకోబెట్టినట్టే పడుకోబెట్టింది. ఆరాక, అంచు మడతలోంచి పోగు లాగి మోచేయి చిల్లు పూడ్చింది. సాగిన అంచులను విప్పి మళ్ళీ అల్లింది. చివరికి పెనిమిటి గడ్డం గీసుకునే కొత్త బ్లేడు తీసింది. ఒక్క పోగు తెగితే వరుసంతా జారిపోతాను. ఆమె నన్ను అరచేతి మీద బిగించి, ఊపిరి బిగబట్టి, బ్లేడును ఏటవాలుగా పెట్టి మెల్లగా గీసింది. ఉండలన్నీ రాలిపోయాయి. అన్నం గిన్నె ఆవిరి పట్టి, నిమిరి, కొత్త గుండీలు కుట్టింది. హేమలత నోరు తెరిచిన తీరు చూసి నాకు గర్వం తలకెక్కింది.

శుక్రవారం బిడ్డ ఆసుపత్రి తువ్వాలులోనే ఇల్లు చేరింది. రత్నమాల కాళ్ళు కడుక్కుని వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. అక్కడే ఉన్న నన్ను చూసింది.

"మంచిగున్నది వదినె. కొత్తదా?"

"కొత్తదే వదినె! మొన్ననే అల్లిన," అంది నర్సుబాయి తడుముకోకుండా.

రత్నమాల ముఖం వాడిపోయింది. తెచ్చుకున్న సంచిని దగ్గరికి లాక్కుంది. తర్వాత సంచి అడుగున, పట్టుచీర మడతల కింద నుంచి, వెలిసిపోయిన చిన్న నూలు అంగీ తీసింది.

"ఏమనుకోకు వదినె. మా పనామె కొడుకుది. అడుక్కొచ్చిన. నా మొదటి బిడ్డకు కొత్తంగీ తొడిగి మురిసిన. నెల తిరగకముందే పోయింది. ఎవ్వరేమన్న అననీ, ఈ బిడ్డకు పాతదే తొడుగుదాం."

ఆ అంగీ సాలెగూడంత పల్చగా ఉంది. బయట చలి కోస్తోంది.

"అయ్యో వదినె, అబద్ధమాడిన! ఇది పాతదే. మా హేమది," అంది నర్సుబాయి.

"నా కోసమని అంటున్నవు."

"ఒట్టు అత్తమ్మా, నేను తొడుక్కున్నదే," అంది హేమలత.

"మీ తల్లీబిడ్డలు మంచోళ్ళు గని, నాకు కండ్లు లేవా? తళతళ మెరుస్తుంటే!"

కొత్తగా కనబడాలని మనుషులు పడే పాట్లు చాలా చూశాను. పాతదాన్నని నమ్మించటం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది. నర్సుబాయి నన్ను గభాలున లాక్కుని తిరగేసింది. లోపలివైపు బ్లేడు తగల్లేదు. ఉండలన్నీ అక్కడ అలాగే ఉన్నాయి. మోచేయి దగ్గర అతుకు, మెడ దగ్గర ఏ కుంకుడుకూ వదలని పాలమరక.

రత్నమాల ఆ ఉండల మీద వేలితో రాసింది. "ఎవరెవరు తొడిగిన్రు?"

"మా హేమ, జమీలా కొడుకు, ఎదురింటి కవలలు."

"అందరున్నరా?"

"అందరున్నరు వదినె. జమీలా కొడుకు బస్సు నడుపుతుండు. నువ్వొచ్చింది ఆయన బస్సులనే కావచ్చు!"

రత్నమాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో నేను చూడలేదు. మరుక్షణమే ఆమె చేతులు నన్ను బిడ్డకు తొడుగుతున్నాయి.

ఆ చలికాలమంతా నా లోపలి ఉండలకు ఆనుకుని ఒక చిన్న గుండె కొట్టుకుంది. నర్సుబాయి ఊరకూరకే వచ్చి చెయ్యి పెట్టి చూసేది. ఉంది, ఉంది అని చెప్పటానికి నాకు నోరు లేదు. వెచ్చగా ఉండటమే నాకు చేతనైంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. ఒక ఉదయం హేమలత నాలోకి బిడ్డ చెయ్యి దూర్చబోయింది. మళ్ళీ దూర్చి చూసింది.

"అమ్మా, చెయ్యి పడ్తలేదే!"

నర్సుబాయి పిండి చేతులతోనే వంటింట్లోంచి ఉరికి వచ్చింది. ఆమె ముఖంలో వెలుగు చూశాక, నన్ను విడిచిపోయిన బిడ్డలందరి మీదా ఇన్నాళ్ళూ దాచుకున్న అలక పోయింది.

ఆమె నన్ను కడిగి, నీడలో ఆరబెట్టి, వేపాకు మధ్య మడిచి పెట్టింది. బయటివైపు మళ్ళీ నూగు లేచింది. ఈసారి బ్లేడు ముట్టుకోలేదు.