తొట్టి మీది పలకలు

చర్చి చీలిపోబోతోందనీ, చీల్చే గొడ్డలి ఎవరో కాదు, టైలరమ్మ మొగుడేననీ పాస్టరుగారింట్లో గిన్నెలు తోమే మనిషి అన్నదట. ఆ మాట లాండ్రీ వదిన చెవిన పడింది. లాండ్రీ వదిన కడుపులో మాట ఆవిడ ఇస్త్రీపెట్టెకన్నా వేడిగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట దించాలి. శుక్రవారం పొద్దున్నే తెచ్చి టైలరమ్మ కుట్టుమిషను మీద దించింది.

"మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, ఆయన గొడ్డలేంటి వదినా?" అంది టైలరమ్మ, దారం తెంపుతూ.

"నాకేం తెలుసమ్మా, విన్నది చెప్పా. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండండి."

టైలరమ్మ నవ్వేసింది గాని, ఆ పూట కుట్టిన చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టింది.

వాళ్ళకి పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. నెలనెలా మొదటి ఆదివారం ఆవిడ ముందుకెళ్ళి ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునేది. లేతు మెషినుమీద పనిచేసే మొగుడు వెనక బెంచీలో ఉండేవాడు, అదీ వచ్చిన రోజున. తొట్టిలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాడికి ఆ సంఘంలో రొట్టె లేదు. తాగుబోతుకి అసలే లేదు. ఏడు నెలల కిందట గుండెపోటుతో ఆసుపత్రిలో పడి లేచాక అతను సీసా ముట్టలేదు. వచ్చే గురువారం ఆపరేషను. బతుకుతాడా అని అడిగితే డాక్టరు కాగితాల్లోంచి తలెత్తకుండా "సగం సగం" అన్నాడు.

ఇంటికొచ్చి అతను భార్యని అడిగింది ఒక్కటే. "ఒక్కసారి నీ పక్కన కూర్చుని ఆ ముక్క తింటానే. ఆ తర్వాత వాళ్ళ కత్తి, వాళ్ళ ఇష్టం."

రొట్టె కావాలంటే ముందు మునగాలి. మునగాలంటే సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. విన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల చేతులు లేవాలి. అక్కడ పాస్టరు ఒక్కడి మాట చెల్లదు.

ఒకప్పుడు ఇది టీ చల్లారేలోగా అయిపోయే పని. రెండేళ్ళ కిందట కొత్త పాస్టరు వచ్చాడు. లోకం పుట్టకముందే దేవుడు కొందరిని ఏర్పరచుకున్నాడు, క్రీస్తు ప్రాణం పెట్టింది వాళ్ళ కోసమే అంటాడాయన. కాదు, అందరి కోసమూ పెట్టాడు, పట్టుకోవడమో విదిలించుకోవడమో మనిషి చేతిలో పని అంటాడు రిటైరైన లెక్కల మాష్టారు. ఇద్దరూ బాప్టిస్టులే. ఇద్దరూ మునిగింది నిండా నీళ్ళలోనే. "మీ ఏర్పాటు బోధ చెప్పిన కాల్విను పేరు మా తాత విననేలేదు, అయినా పరలోకానికి పోయాడు," అని మాష్టారు ఒకనాడు మీటింగులో అంటే, "పోయాడని మీకెవరు చెప్పారు?" అన్నాడు పాస్టరు. ఆ రోజు నుంచి బెంచీలు వేరయ్యాయి, పాస్టరు పక్షం కుడివైపు, మాష్టారు పక్షం ఎడమవైపు. కుడివైపు పిల్లలు ఎడమవైపు పిల్లలతో ఆడటం మానేశారు. ఇప్పుడు రెండు వైపులకీ ఒక మనిషి కావలసివచ్చాడు, తమ మాటే నిజమని నిలబడి చెప్పడానికి.

ఆ నెల మొదటి ఆదివారం వేదిక మీది పలకలు ఎత్తేసి ఉన్నాయి. వాటి కింద తొట్టి. చర్చి పనులూ సంఘం సభ్యుల పట్టీ చూసే డీకను, అందరూ పైపుల తాత అని పిలిచే ప్లంబరు, రాత్రంతా కుళాయి వదిలి నింపాడు. నీళ్ళు నల్లగా, అద్దం పరిచినట్టు ఉన్నాయి. ఎప్పుడూ దగ్గే ముసలమ్మలు కూడా ఆ పూట దగ్గలేదు.

లేతు మనిషి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తాగిన రోజులు చెప్పాడు, తన్నిన రాత్రులు చెప్పాడు. భార్య తలవంచుకుంది.

"సహోదరుడా," అన్నాడు పాస్టరు, "నువ్వు దేవుణ్ణి ఎంచుకున్నావా, దేవుడు నిన్ను ఎంచుకున్నాడా?"

కుడివైపు బెంచీలు ముందుకి వంగాయి. ఎడమవైపు మాష్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయ్యగారూ, మా ఆవిణ్ణి నేను చేసుకున్నానా, ఆవిడ నన్ను చేసుకుందా అనేదే పద్దెనిమిదేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. ఆసుపత్రి మంచం మీద ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. ఎవరు ముందో చూసుకునే ఓపిక లేదు."

ఎక్కడో ఎవరో నవ్వబోయి మింగేశారు. అప్పుడే ఏదో గరగరమంటున్న చప్పుడు టైలరమ్మకి వినబడింది. మొగుడి గుండెల్లో ఆయాసమేమోనని లేవబోయింది. కాదు. చప్పుడు అతని వెనకనుంచి, నేల కిందనుంచి వస్తోంది.

"అతన్ని చేర్చుకుందామన్నవాళ్ళు చేతులెత్తండి."

ఎడమవైపు లేచాయి. టైలరమ్మ చెయ్యి అందరికన్నా పైన ఉంది. లెక్కపెడితే పంతొమ్మిది. వద్దన్నవి కుడివైపు పంతొమ్మిది.

"వచ్చే నెల మళ్ళీ చూద్దాం," అన్నాడు పాస్టరు మెత్తగా. "ఆయన నిన్ను ఏర్పరచుకుని ఉంటే, నీళ్ళు లేకపోయినా వదలడు."

"నేనే ఎంచుకున్నానని గట్టిగా అనాల్సింది కదయ్యా," అన్నాడు మాష్టారు.

లేతు మనిషి కుర్చీలో కూలబడ్డాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. టైలరమ్మ వేదికెక్కి చూసింది. తొట్టిలో నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి. పైపుల తాత మొదటి పలక భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు వదిలావు తాతా నీళ్ళు?"

"ఆయన సాక్ష్యం మొదలెట్టగానే బిరడా తీశానమ్మా. పలకలు మూస్తేగాని బల్ల వెయ్యలేం. నీళ్ళ మీద మూస్తే చెక్క ఉబ్బుతుంది."

"చేతులెత్తకముందేనా?"

తాత పలక కిందికి దించాడు. "నిన్న సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చి తనవాళ్ళు ఎంతమందో లెక్క చూసుకున్నారు. ఆయన వెళ్ళాక మాష్టారొచ్చి తనవాళ్ళని చూసుకున్నారు. ఈయన ఏం చెప్పినా ఇటు పంతొమ్మిది, అటు పంతొమ్మిది. ఇంక మూడింట రెండు వంతులు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా?"

పాస్టరు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ చేతబట్టుకుని దగ్గరికొచ్చాడు. మాష్టారూ లేచి వచ్చాడు. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడింది అప్పుడే.

"పదండక్కా," అన్నాడు పాస్టరు. "బల్ల వేస్తున్నారు. మీ చోటులో మీరు కూర్చోండి."

టైలరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది.

"మీరు నిన్ననే తేల్చేసుకున్నాక, ఊపిరాడని మనిషిని పావుగంట నిలబెట్టి ఎందుకు మాట్లాడించారయ్యా?"