మంగళ, శుక్రవారాల నంబరు

"మా ఆఫీసులో ఆడమనిషి ఎవరండీ?" అని అడిగాడు బుల్లిరాజు.

తాడేపల్లిగూడెంలో మెడికల్ షాపు పైన ఉన్న ఆ ఒంటిగది ఆఫీసులో హెప్సిబా తలెత్తి చూసింది. బుల్లిరాజు కొల్లేటి పక్కన నాలుగు చేపల చెరువులున్న ఆసామి. కాపురం ఏలూరులో. మూడు నెలల క్రితం అతని చెరువులకి ఆమే వెబ్‌సైట్ చేసిపెట్టింది.

"మీకసలు ఆఫీసే లేదు కదండీ."

"అదేనండీ నేననేది! నిన్న గౌహతి నుంచి కొనేవాడు ఫోన్ చేసి, 'మీ ఆఫీసులో ఆవిడ చాలా గట్టిదండీ, పైసా తగ్గలేదు' అన్నాడు. నంబరు ఎక్కడిదంటే మీ సైట్లోదే అన్నాడు. నేను చూస్తే సైట్లో నా నంబరే ఉంది. వాడు చెప్పిన నంబరుకి చేస్తే స్విచాఫ్." బుల్లిరాజు గొంతు తగ్గించాడు. "సైట్ తెరిచే పాస్‌వర్డ్ నాకు తెలుసు, మీకు తెలుసు. ఏమీ అనుకోకండి హెప్సిబా గారూ, కొనేవాళ్ళ దగ్గర కమీషన్ ఎవరు తింటున్నారో నాకు తెలియాలి."

మర్యాదగానే అన్నాడు. హెప్సిబాకి మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"ఇంకెవరితోనైనా అన్నారా ఈ మాట?"

"మన చెరువుల వాళ్ళు ఆరుగురు మీతో సైట్ చేయించుకుందామనుకున్నారు కదండీ. కాస్త ఆగమన్నాను."

హెప్సిబా ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టిన పని ఇది. ఈ చెరువుల వాళ్ళ మధ్య ఒక్క మాట పుట్టిందంటే చాలు, సాయంత్రానికల్లా భీమవరం దాటిపోతుంది.

కంప్యూటర్ అతని వైపు తిప్పింది. సైట్లో ఏ పేజీలో ఎవరేం మార్చినా, పాత రూపం తేదీ, టైముతో సహా లోపల దాగి ఉంటుంది. 'సంప్రదించండి' పేజీ చరిత్ర తెరిచింది. రెండు నెలల్లో పదహారు రోజులు, రోజుకి రెండేసి మార్పులు. ఉదయం తొమ్మిదీ నలభైకి కొత్త నంబరు పెట్టడం, పన్నెండూ యాభైకి మళ్ళీ బుల్లిరాజు నంబరు పెట్టడం. అన్నీ బుల్లిరాజు పేరు మీదే ఉన్నాయి.

"నేను ముట్టుకుంటే ఒట్టు!" అన్నాడు బుల్లిరాజు.

"మరి ఈ రెండు నెలల్లో మీకు నష్టమేమైనా వచ్చిందాండీ?"

అతను బుర్ర గోక్కున్నాడు. "అదే విచిత్రం. ఈ మధ్య కొనేవాళ్ళు మధ్యాహ్నం ఫోన్ చేసి వాళ్ళంతట వాళ్ళే మంచి ధర చెబుతున్నారు. సైట్ మహిమ అనుకున్నాను."

దొంగతనం చేసేవాడు యజమానికి లాభం ఎందుకు తెచ్చిపెడతాడు? కోపం ఉన్నచోట ఇప్పుడు ఎవరో తెలుసుకోవాలన్న ఆరాటం మొదలైంది హెప్సిబాకి.

"రేపు మధ్యాహ్నానికి ఎవరో చెబుతాను. అంతవరకూ పాస్‌వర్డ్ మార్చను. మారిస్తే దొరకరు."

"సరేనండీ, అలాగేనండీ," అంటూ వెళ్ళాడతను. దేనికైనా అతను అనే మాట అదే.

అతను మెట్లు దిగగానే హెప్సిబా తేదీలన్నీ కాగితం మీద రాసింది. పక్క కుర్చీలో బొమ్మలు దిద్దుతున్న శ్రీదుర్గ ఆమె స్నేహితురాలు, ఈ పనిలో భాగస్వామి.

"అన్నీ మంగళవారాలూ శుక్రవారాలేనే," అంది హెప్సిబా. "చేపలు పట్టే రోజులా అంటే కాదు. కరెంటు తీసే రోజులూ కాదు. ఏముంటుంది ఆ రెండు రోజుల్లో?"

శ్రీదుర్గ పకపకా నవ్వింది. "నీకు ఆదివారం తప్ప ఇంకో వారం తెలియదు కదా! మంగళ, శుక్రవారాలు అమ్మవారి రోజులే తల్లీ. మా అమ్మ ఆ రోజుల్లో గుడి మెట్లెక్కకుండా కాఫీ కూడా తాగదు."

హెప్సిబా పెన్ను ఆగిపోయింది. బుల్లిరాజుకి సైట్ వాడటం నేర్పడానికి ఏలూరులో వాళ్ళింటికి వెళ్ళింది మంగళవారం మధ్యాహ్నమే. అతని తల్లి వీరరాఘవమ్మ అప్పుడే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి నుంచి వచ్చింది. కొబ్బరిముక్క ఇవ్వబోయి ఆగి, "మీరు తింటారో తినరో," అని అరటిపండు చేతిలో పెట్టింది. తరవాత పాఠం అయ్యేవరకూ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది.

"ఛ, డెబ్బై ఏళ్ళావిడ," అంది పైకే.

"డెబ్బై ఏళ్ళావిడకి బుర్ర ఉండదా ఏంటి?" అంది శ్రీదుర్గ.

శుక్రవారం పొద్దున పది దాటేసరికి హెప్సిబా కొల్లేటికోట దారిలో బుల్లిరాజు చెరువుగట్టు మీద ఆటో దిగింది. నీళ్ళ మీద గూడకొంగలు తేలుతున్నాయి. మేత బస్తాలు పెట్టే షెడ్డు ముందు కాపలాదారు ఇస్సాకు వల బాగుచేసుకుంటున్నాడు.

"ఇస్సాకు గారూ, సైట్ పాస్‌వర్డ్ మీకేమైనా తెలుసాండీ?"

"అదేంటోనండీ. గోడమీద ఉందేమో చూడండి."

షెడ్డు లోపలి గోడంతా సుద్దముక్క రాతలే. రెండో చెరువుకి మేత పద్నాలుగు బస్తాలు. మూడో చెరువుకి సున్నం వేశాం. నాలుగో చెరువు మోటారు రిపేరు. వాటి మధ్యలో, పెద్ద పెద్ద అక్షరాలతో, ఆమె బుల్లిరాజుకి ఫోన్‌లో చెప్పిన పాస్‌వర్డ్!

"రాజుగారు ఫోన్‌లో ఏది గట్టిగా అన్నా రాసెయ్యడమేనండీ," అన్నాడు ఇస్సాకు వెనకనుంచి. "రాత్రి కాపలాకి వచ్చేవాడికి తెలియాలి కదండీ. ఆ రోజు ఇక్కడ నుంచుని ఇదంతా రెండుసార్లు అన్నారు. కొత్త మందేమో అనుకున్నాను."

బస్తాల చాటు నుంచి ఒక గొంతు వినపడింది. "కేజీకి పది రూపాయలు తగ్గించమంటే ఎలాగ బాబూ? ఐసు ఖర్చు మాదా మీదా ముందు చెప్పు."

స్టూలు మీద వీరరాఘవమ్మ. నుదుట అప్పుడే పెట్టిన కుంకుమ, ముక్కు చివర కళ్ళజోడు. హెప్సిబాని చూసి కంగారు పడలేదు. ఫోన్‌లో బేరం తేల్చి, "ఒంటిగంటకి మావాడికి ఫోన్ చేసి ఈ ధరే చెప్పు," అని పెట్టేసింది.

"కూర్చో తల్లీ. నువ్వు వస్తావనుకున్నాను గానీ ఇంత తొందరగా అనుకోలేదు."

"ఎందుకండీ మామ్మగారూ ఇదంతా?"

"వాడి నాన్న పోయాక పదేళ్ళు ఈ చెరువులు చూసింది నేను. మావాడు మంచోడే. ఎవడేమన్నా సరేనండీ అంటాడు. 'నువ్వింక విశ్రాంతి తీసుకోమ్మా' అని ఫోన్ కూడా ఎత్తనివ్వడు. నువ్వు వాడికి నేర్పుతుంటే నేనే నేర్చుకున్నాను." ఆమె గొంతు మెత్తబడింది. "వాడికి చెప్పకమ్మా. చెబితే గుడికి కూడా కారులో తీసుకొచ్చి, కారులో తీసుకుపోతాడు."

హెప్సిబాకి ఆమె మీద జాలేసింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. అయినా తల అడ్డంగా ఊపింది. "చెప్పకపోతే దొంగని నేనవుతానండీ. ఆరుగురి దగ్గర నా పేరు పోయింది."

వీరరాఘవమ్మ కళ్ళజోడు తీసేసింది. "నీ మీద పెట్టాడా?"

అంతలో ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది. తెలియని నంబరు నుంచి ఎవరో ముక్కుతో మాట్లాడుతున్నారు. "నేను తుని నుంచండీ. బొచ్చె చేపలు కావాలి. ధరెంతండీ?"

ఆమె గొంతు మార్చి కేజీకి ఓ ధర చెప్పింది. మార్కెట్ కన్నా ఇరవై రూపాయలు ఎక్కువ.

"సరేనండీ. అలాగేనండీ."

వీరరాఘవమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి హెప్సిబా వైపు తిరిగింది. "బేరమాడకుండా ఇరవై ఎక్కువకి ఒప్పుకునేవాడు ఈ జిల్లాలో ఒక్కడే." చెయ్యి తీసింది. "ముక్కు వదిలి మాట్లాడరా బుల్లీ, జలుబు చేస్తుంది."

అవతల ముక్కు గొంతు పోయి బుల్లిరాజు మామూలు గొంతు వచ్చింది.

"అమ్మా? సైట్లో నంబరు మారిందని చూసి చేస్తే, నువ్వా?"

"నేనే. చెరువు దగ్గరున్నాను. నీ లాభం నా చేతి చలవ, ఈ పిల్లకేమీ తెలియదు. వెంటనే బయల్దేరి రా."

గంటన్నరలో బుల్లిరాజు కారు గట్టు మీద ఆగింది. తల్లినీ ఫోన్‌నీ మార్చి మార్చి చూసి, "మరి నాతో అనొచ్చు కదమ్మా," అన్నాడు.

"అంటే సరేనమ్మా అంటావు. ఫోన్ మాత్రం ఇవ్వవు."

అతను హెప్సిబా వైపు తిరిగాడు. "మన్నించాలండీ. అమ్మ నంబరు సైట్లో ఉంచేయండి. ఆవిడ పేరు మీద వేరే లాగిన్ కూడా ఇవ్వండి."

"ఇస్తానండీ. ముందు ఆ ఆరుగురికీ ఫోన్ చేయండి. ఇక్కడే, నా ఎదురుగా."

బుల్లిరాజు మెడ మీద చెమట తుడుచుకుని మొదటి నంబరు నొక్కాడు. "ఏవండీ, నేనేనండీ. ఆ సైట్ అమ్మాయి సంగతి... ఏం లేదండీ, చిన్న పొరపాటు..."

"చిన్నదెక్కడిదిరా," అంది వీరరాఘవమ్మ. "'తప్పు నాదే' అని సరిగ్గా చెప్పు. ఇంకా ఐదుగురున్నారు."