పెద్దలకు పెట్టిన గ్లాసు

లస్మయ్య ఇంట్లో పెత్రమాస నాడు, అంటే పితృ అమావాస్యకు, చచ్చిన మగవాళ్లకు సారా పెడతారు. చచ్చిన ఆడవాళ్లకు మంచినీళ్లు కూడా పెట్టరు. ఆ వాడలో అందరికీ తెలిసిన సంగతే. తప్పన్నవాళ్లు లేరు.

లస్మయ్య కోడలు భాగ్య పొద్దున్నుంచి మేక పేగుల బోటి కడుగుతోంది. వేడినీళ్లు పోసి, సున్నం రాసి, గీకి, మళ్లీ కడిగి. ఇంత చాకిరీ చచ్చినవాళ్ల కోసం. రెండేళ్ల కింద కామెర్లతో పోయిన మొగుడు ఎర్రయ్య, కూరలో ఉప్పు తగ్గితే పళ్లెం గోడకేసి కొట్టేవాడు. "మీ అవ్వ గిదేనా నేర్పింది?" అనేవాడు. పెద్దలకు పెట్టే కూర ఎంగిలి చేయకూడదు కనుక రుచి చూడకుండానే ఉప్పు వేసింది. ఫోటోలో ఉన్న మనిషికి భయపడి ఇంకో చిటికెడు కలిపింది.

ఆ ఇంటికొక పద్ధతి ఉంది. పెద్దల ముందు పెట్టిన గ్లాసులోంచి నేల మీద కొంచెం సాక పోసి, మిగిలింది పెద్దకొడుకు తాగాలి. అప్పటి నుంచే అతను మగవాడి కింద లెక్క. లస్మయ్య అట్లాగే మొదలుపెట్టాడు. ఎర్రయ్యా అంతే. ఈ ఏడు పద్దెనిమిది నిండిన మనవడు రాకేశ్ తాగాలని లస్మయ్య నిన్ననే చెప్పేశాడు.

రాకేశ్ ఇంతవరకు చుక్క ముట్టలేదు. అయినా మొన్న అన్నం ఆలస్యమైందని చెల్లెలు వర్ష చెయ్యి మెలితిప్పాడు. మణికట్టు దొరకబట్టిన తీరు, పళ్లు బిగించిన తీరు అచ్చం ఎర్రయ్యవే. భాగ్య కళ్లారా చూసింది. తాగకముందే ఇట్లా ఉంటే, తాగాక?

మూడేళ్లుగా ఆమె అంగడి పేరు చెప్పి ఆదివారాలు ప్రార్థన ఇంటికి పోతోంది. కొడుకు కోసం ప్రార్థన చేయమని అక్కడి రుక్మిణక్కను అడిగితే, ఆమె వెంటనే కళ్లు మూయలేదు.

"యేసయ్య ఇడిపిస్తడు భాగ్యా. గని దాసిపెట్టినదాన్ని ఎట్ల ఇడిపియ్యమంటవ్? ఎప్పుడొచ్చినా మీ ఇంటి మొగోళ్ల పాపమే చెప్తవ్. నీదేంది?"

తనదేమిటో భాగ్యకు తెలుసు. తొమ్మిదేళ్ల కింద లస్మయ్య తాగొచ్చి, అన్నం ఆలస్యమైందని భార్య భద్రమ్మ తల మీద రోకలితో కొట్టాడు. గచ్చు మీద నెత్తురు కడిగింది భాగ్య. దవాఖానలో డాక్టరమ్మ అడిగితే, "బాయికాడ జారి పడ్డది" అని చెప్పిందీ భాగ్యే. "సక్కగ చెప్పు. లేకుంటే రేపు నువ్వు గూడ గట్లనే జారుతవ్" అని ఎర్రయ్య చెవిలో గొణిగాడు. అత్తకు అప్పటికి మాట పడిపోయింది, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. కోడలు చెప్పింది విని కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

మధ్యాహ్నం లస్మయ్య గ్లాసు నింపి మనవడి చేతిలో పెట్టాడు.

"పట్టు బిడ్డా. మా నాయిన తాగిండు, నేను తాగిన, మీ బాపు తాగిండు."

"థూ, గింత వాసనేంది తాతా?"

"మొదట్ల గట్లనే ఉంటది. ఎనక అదే రమ్మంటది."

ఇద్దరూ నవ్వారు. భాగ్య వంటింటి గడప దాటి వచ్చింది. యేసయ్యా, ఒక్క మాట చెప్పేంత బలమియ్యి అనుకుంది.

"బిడ్డా, తాగే ముంగట ఒక ముచ్చట ఇను."

"లోపలికి పో," అన్నాడు లస్మయ్య.

"పోను మామా." ఆమె కొడుకు వైపే చూసింది. "మీ నాయినమ్మ బాయికాడ పడలే. మీ తాత రోకలితోని కొట్టిండు. డాక్టరమ్మకు అబద్ధం చెప్పింది నేను. నా పాపం దేవుని ముంగట ఒప్పుకున్న, ఇప్పుడు నీ ముంగట ఒప్పుకుంటున్న. ఎవలడిగినా గిదే చెప్త. మొన్న చెల్లె చెయ్యి పట్టినవ్ సూడు, గది ఈడికెంచే వచ్చింది. నీతోనన్న తెగనియ్యి."

రాకేశ్ నవ్వు ఆగిపోయింది. తాత వైపు తిరిగాడు.

"కాదను తాతా. ఒక్కసారి కాదంటే గిప్పుడే తాగుత."

ఒక్క అబద్ధం చాలు. లస్మయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని మనవడి మీంచి చూపు తిప్పేశాడు. రాకేశ్ గ్లాసు మొత్తం నేల మీద ఒంపేశాడు.

లస్మయ్య మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీ నాయినమ్మ ముచ్చట నన్ను అడగకుండ్రి," అన్నాడు. "ఇయ్యాల్నే కాదు. నన్ను కాట్లె పెట్టేదాంక గది నా నోట రాదు."