నంబరు లేని బూజు

పాలకు తోడు వేస్తుంటే మా అత్త మొగిలవ్వ అన్నది: "తోడు ఎవలింటిదైతేంది, పెరుగైతె సాలదా?"

ఆ మాట పాల గురించి కాదు. ముందు గదిలో నా మొగుడు జలపతి, పుణె నుంచి వచ్చి ఎప్పుడో ఎండిపోయిన గాజుగొట్టం మీది నంబరు చీటీ ఊడదీసి, నేను పెంచిన బూజు గొట్టానికి అతికిస్తున్నాడు.

జగిత్యాలలో మాది జీవన ఎరువుల దుకాణం. బోర్డు మీద పేరు ఆయనది. పంట రోగాలను తినేసే బూజును పెంచేది నేను. గొట్టాలు ఉడకబెట్టడం, స్పిరిట్ దీపం ముందు ఊపిరి బిగబట్టి ఒక గొట్టంలోంచి ఇంకో దాంట్లోకి మార్చడం, వంట, గిన్నెలు, మళ్లీ గొట్టాలు. పదకొండేళ్లు. జీతం మాటెత్తితే "ఇంట్ల పనికి జీతమేంది" అంటాడు. ఏ సరుకు ఎందుకు అమ్ముడవుతుందో నాకు తెలుసు. రైతుకు ఇచ్చే పొడి పనిచేస్తే చాలు. పరిశోధనకు ఇచ్చేదానికి పుట్టుక కావాలి: ఏ మట్టిలో దొరికింది, ఎవరు వేరు చేశారు, ఎన్నిసార్లు మార్చారు. అక్కడ నంబరే సరుకు. బూజు దాని వెంట వస్తుంది.

ఆ గొట్టం కల్యాణి కోసం. ఆమెది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. ఇక్కడి వ్యవసాయ కాలేజీలో పసుపు దుంపకుళ్లు మీద పరిశోధన చేస్తోంది. పుణెలోని బూజుల నిల్వ కేంద్రం నంబరు వేసి పంపే అసలు బూజు కావాలని మాకు చెప్పి నెల దాటింది. సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు, పార్సిల్ ఎక్కడో ఆగింది. పొద్దంతా దీక్షా శిబిరంలో "మనది మనకు రావాలె" అని మైకులో చెప్పి వచ్చిన మనిషి ఇప్పుడు చీటీ అంటిస్తున్నాడు.

"అదీ పచ్చగనే ఉంటది, ఇదీ పచ్చగనే ఉన్నది. ఎవలు పోలుస్తరు?"

"ఆ పిల్ల మూడేండ్ల పని మట్టిల కలుస్తది."

"నీకెందుకే? కోరుట్లల డిగ్రీ ఆపినదానివి, సైంటిస్టు లెక్క మాట్లాడకు."

ఆపింది నేను కాదు. చివరి పరీక్ష రోజే లగ్గం పెట్టించింది వీళ్లు.

మరునాడు కల్యాణి వచ్చింది. గొట్టం చేతిలోకి తీసుకొని ఆయన వైపు కాకుండా నా వైపు చూసింది. "అక్కా, ఇది అసలుదేనా?"

"నంబరున్నది గద బిడ్డా," అన్నాడు జలపతి.

"కాదు," అన్నాను. "ఇది నా వంటింట్ల పెరిగింది. ఎన్నిసార్లు మార్చిన్నో నాకే యాదికి లేదు. దీనితోని పని మొదలువెట్టకు."

కల్యాణి గొట్టాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. "మరి అసలుది తెప్పిస్తవా అక్కా? ఇంకో నెల ఆగుత."

"తెప్పిస్త."

ఆమె వెళ్లాక జలపతి బల్ల మీద గుద్దాడు. "దుకాణం పేరు తీసినవ్."

"ఉంటె గద, తీసెటందుకు."

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడో రోజు పుణెకు కొత్త ఆర్డరు ఫారం నింపాను. కొనుగోలుదారు దగ్గర పద్మ అని నా పేరు రాశాను. చిరునామా దగ్గర దుకాణాన్ని రాయలేదు. ఆ పొద్దున కొత్త బస్టాండు వెనక నేను అద్దెకు మాట్లాడుకొని వచ్చిన గదిని రాశాను.