టామ్సిన్ తోట చుట్టూ కంచె

మా టాస్మేనియా జింకలను పూర్వం దొరలు వేట సరదాకి ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చి వదిలారు. నేను చెబుతున్న రోజుల్లో చట్టం వాటిని ఇంకా వేటగాళ్ల కోసమే కాపాడుతోంది. వాటిని కాల్చడానికి పర్మిట్టు కావాలని మా ఊళ్లో అక్రోటు తోట వేసుకున్న టామ్సిన్ అడిగితే ఇవ్వలేదు.

ఆమె పక్క పొలం గార్త్ వైనీది. గొర్రెల పెంపకం. వేటగాళ్ల క్లబ్బువాళ్లు శరదృతువులో అతని పొలంలో వేటాడి, బదులుగా కంచెలు బాగుచేసి పోతారు. ఆడ జింకల జోలికి మాత్రం పోరు. అవి లేకపోతే కొమ్ములున్న మగవి ఎక్కడినుంచి వస్తాయని వాళ్ల లెక్క. ఆ ఆడ జింకలే టామ్సిన్ నాటిన అక్రోటు మొక్కల బెరడు ఒలుచుకు తింటున్నాయి. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే ఆమెకు తోట మిగలదు.

ఆ రక్షణ ఎత్తేయమని ఆమె అర్జీ పెట్టింది. వినడానికి ఒక అధికారి మా ఊరి హాలుకు వచ్చాడు. మా ఆవిడ ఎనిడ్ పోయాక అక్కడ టీ పెట్టే పని నాదే. జింకలూ తన మందలాంటివేనని గార్త్ చెప్పాడు. అయితే వాటికీ ఉన్ని కత్తిరిస్తున్నావా అని వెనకనుంచి ఎవరో అడిగితే గార్త్ కూడా నవ్వాడు. అందరి మాటా మంత్రిగారికి చేరవేస్తానని చెప్పి, టీ బాగుందని మెచ్చుకుని, అధికారి వెళ్లిపోయాడు.

నేను కప్పులు కడుగుతుంటే టామ్సిన్ తుడుస్తోంది. గార్త్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"చూడమ్మాయ్, ఆదివారం మావాళ్లొచ్చి నీ తోట చుట్టూ ఎత్తుగా కంచె వేస్తారు. వైరు కూడా మాదే. నువ్వా అర్జీ వెనక్కి తీసుకో."

టామ్సిన్ కప్పు కింద పెట్టింది.

"నాకు కంచె వేస్తే అవి ఇంకొకరి తోటలో పడతాయి, గార్త్. అర్జీ ఉంటుంది. కంచె వేస్తావో మానేస్తావో నీ ఇష్టం."

"ఎంత మొండిదానివే."

"నీ పక్కన కాపురముంటే ఇంకేం వస్తుంది?"

అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం ఇద్దరం.

ఆదివారం నేను అటుగా వెళితే టామ్సిన్ వాకిట్లో గార్త్ ట్రక్కు ఉంది, దాన్నిండా వైరు చుట్టలు. క్లబ్బువాళ్లు సణుక్కుంటూ గుంతలు తవ్వుతున్నారు. ఇంతకీ ఆవిడ అర్జీ వెనక్కి తీసుకుందా అని ఒకతను అడిగాడు.

"లేదు," అన్నాడు గార్త్. "ఆ స్తంభం నిటారుగా పట్టుకో."