మామగారి ఆటకు మొదటి వరస

ఆఫీసులో నెట్‌వర్క్ భద్రత చూసే కోడలికి ఇంట్లో మామగారి పోరు. ఫోన్లో క్యారమ్స్ ఆట ఆగిపోయినప్పుడల్లా ఆయన ఇల్లు పీకి పందిరేస్తున్నారు. విసిగిపోయి ఆదివారం పొద్దున్నే ఇంటి వైఫై రౌటర్ సంగతి చూసింది. దాన్ని వాడుకుంటూ పదకొండు పరాయి ఫోన్లు! అన్నిటినీ తరిమేసి, ఇరవై అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, ఎవరు వాడుతున్నా ముందు ఆయన ఆటే నడిచేలా గేమింగ్ మోడ్‌లో ఆయన ఫోనుకు మొదటి వరస ఇచ్చింది.

సాయంత్రం అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కితే, అద్దం పక్కన కాగితం మీద ఆ ఇరవై అక్షరాలూ ఆయన గుండ్రటి చేతిరాతలో కనిపించాయి.

"ఏంటండీ మామయ్యగారూ ఇది?" అంది, ఇంట్లోకొచ్చి తల పట్టుకుని.

"ఏం చెయ్యనమ్మా? పొద్దుట్నుంచీ ఒక్కొక్కళ్ళూ వచ్చి అడుగుతుంటే చెప్పలేక చచ్చాను. అయినా నా ఆటకి అడ్డం లేకుండా చేశావుగా! ఇక వాళ్ళెంత వాడుకుంటే మనకేంటి?"